గుమ్మం తెరిచింది నేనే

మన సంఘంలో నన్ను ఎరిగినవారందరికీ నా అలవాటు ఒకటి తెలుసు. ఎవరింట్లో భార్యాభర్తల మధ్య మాట తేడా వచ్చినా, వదినా ఆడపడుచులకు పొరపొచ్చాలు వచ్చినా కబురు నాకే వస్తుంది. మిల్లు ఆఫీసులో ముప్పై రెండేళ్ళు లెక్కలు వ్రాసి రిటైరైనవాణ్ణి. రెండు పక్షాల పద్దులూ చూసి నిలవ తేల్చడం నా వృత్తి. ఆ నేర్పుతోనే సంసారాలు కూడా సర్దవచ్చునని నాకొక గట్టి నమ్మకం వుండేది. ఆ నమ్మకంతో మా అక్కయ్య కూతురికి నేను చేసిన అపకారం చెప్పుకోవడానికే ఇది వ్రాస్తున్నాను.

పోయిన నెల సంఘం సమావేశంలో ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. "అన్నయ్యగారూ, కోర్టు కాగితం తెచ్చుకుంటే ఇక మా పిల్ల జోలికి రాడు కదండీ?" అని అడిగింది. నిలుచున్నపాటున చెప్పగలిగిన జవాబు కాదది. "వ్రాస్తానమ్మా" అన్నాను. మా అమ్మాయిని అడిగాను. "పేర్లు లేకుండా వ్రాయండి మామయ్యా, మిమ్మల్ని మీరు వెనకేసుకు రాకుండా వ్రాయండి" అన్నది. రెండు షరతులకూ ఒప్పుకున్నాను.

అమ్మాయిని బెంగుళూరులో ఇచ్చాము. వాళ్ళూ మనవలెనే తరాలకిందట కదలివచ్చిన తెలుగువారే. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. వాళ్ళకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. అంతకంటె తేడా ఏమీ కనబడలేదు. పెళ్ళినాడు గంపలో కూర్చోబెట్టి పీటలమీదికి మోసుకువచ్చిన మేనమామను నేనే. ఆ తరువాత అతను చెయ్యి చేసుకున్నాడని ఏడుస్తూ పుట్టింటికి వచ్చినప్పుడల్లా, మూడుసార్లు, రైలెక్కించి తీసుకుపోయి దిగబెట్టి వచ్చినదీ నేనే. ప్రతిసారీ అతను నా ముందర తల వంచుకుని నిలుచునేవాడు. ప్రతిసారీ వాళ్ళమ్మగారు నాకు వెండిగ్లాసులో కాఫీ యిచ్చేది. నేను తృప్తిగా తిరిగివచ్చేవాణ్ణి.

2018 డిసెంబరులో ఒక తెల్లవారుజామున అమ్మాయి బస్సు దిగి వచ్చింది. ఎడమచేతి మణికట్టు వాచిపోయి వున్నది. ఆరేళ్ళ పిల్లవాడి కాళ్ళకు చెప్పులు లేవు. నేను నా ధోరణిలో, "కొన్నాళ్ళు ఇక్కడే వుండు తల్లీ, నేను వెళ్ళి మాట్లాడతాను" అన్నాను. అమ్మాయి ఏమీ అనలేదు. పొద్దెక్కాక మా ఇంటావిడను వెంటబెట్టుకుని సర్కారు ఆసుపత్రికి పోయి చెయ్యి చూపించుకుని, అక్కడి చీటీ భద్రంగా పుచ్చుకుని, తిన్నగా జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళింది. అక్కడొక రక్షణాధికారి వుంటారన్న సంగతి ఊరి తగవులన్నీ తీర్చిన నాకు తెలియదు. మా ఇంటావిడకు తెలుసు!

2005లో పార్లమెంటు గృహహింస నుండి స్త్రీలను రక్షించే చట్టం చేసింది. 2006 అక్టోబరు 26 నుండి అది అమలులో వున్నది. మా తమిళనాడులో రక్షణాధికారులు ఈ సాంఘిక సంక్షేమ శాఖవారే. కర్ణాటకలో అయితే శిశు అభివృద్ధి పథకం అధికారులకు ఆ బాధ్యత అప్పగించారు. ఆమె చెప్పినది వారు ఒక ఫారంలో వ్రాసుకుని మేజిస్ట్రేటుకు పంపుతారు, పోలీసు స్టేషనుకు ఒక ప్రతి ఇస్తారు. దీనికి రుసుము లేదు. అధికారి దగ్గరికి పోకుండా నేరుగా మేజిస్ట్రేటు కోర్టులోనూ అర్జీ పెట్టుకోవచ్చును. అధికారి నివేదిక లేదని అర్జీ తోసివేయకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

మనబోటివారు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇంకొకటి వున్నది. మన ఆడపిల్లలను బరంపురం నుండి బళ్ళారికీ, షోలాపురం నుండి సేలానికీ ఇస్తూ వుంటాము. కష్టం వచ్చిన వూళ్ళోనే కేసు వేయాలేమో, భాష రాని కోర్టులో ఒంటరిగా నిలబడాలేమో అని భయపడతాము. అక్కర లేదు. పిల్ల తాత్కాలికంగా తలదాచుకున్న వూళ్ళోని మేజిస్ట్రేటు కూడా విచారించవచ్చును. ఆయన ఇచ్చిన ఉత్తరువు దేశమంతటా చెల్లుతుంది. మా కేసు మా వూళ్ళోనే నడిచింది.

ప్లీడరు ఖర్చు మాట అక్కయ్య ఎత్తింది. 1987నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవారికి, వారి ఆదాయం ఎంత వున్నా సరే, సర్కారువారే ఉచితంగా ప్లీడరును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే వారి కార్యాలయం వుంటుంది. ఫోను మీద అడగదలచినవారికి 15100. ఆపదలో వున్న ఆడవారికి 181. మా అమ్మాయికి వచ్చిన ప్లీడరు చిన్నవయసు పిల్ల. నేను పెదవి విరిచాను. ఆ పిల్ల పని చూశాక పెదవి సరిచేసుకున్నాను.

నా భయం వేరు. "అల్లుణ్ణి జైలుకు పంపుతారా ఏమిటి?" అని రక్షణాధికారిణినే అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. అర్జీ పెట్టగానే ఎవరినీ జైలులో పెట్టరు. ఫలానా పని చేయవద్దని అతనికి కోర్టువారు చెబుతారు, అంతే. చెప్పింది మీరితే అప్పుడు నేరమవుతుంది. జైలా, ఇల్లా అన్నది అతని చేతిలోనే వుంటుందన్నమాట.

ఆ అర్జీ వ్రాయడంలో ఒక కిటుకు వున్నది. "ఎప్పుడూ కొడతాడు, తిడతాడు" అని వ్రాస్తే బలం లేదు. ఏ తేదీన, ఎక్కడ, ఏ దెబ్బ, ఎవరు చూశారు, ఆసుపత్రి చీటీ ఏది, ఫోనులో వచ్చిన సందేశం ఏది, ఇవీ కావలసినవి. అడిగేది కూడా విడమరిచి అడగాలి. "నన్ను కాపాడండి" అంటే కోర్టువారు మాత్రం ఏమని వ్రాస్తారు? మా ప్లీడరమ్మ మా వీధి పేరు వేసింది, అమ్మాయి కొత్తగా చేరిన కొలువు చిరునామా వేసింది, పిల్లవాణ్ణి ఇక్కడ చేర్చిన బడి పేరు వేసింది. అతను కలియరాదు, ఫోను చేయరాదు, ఉత్తరం వ్రాయరాదు, ఫోనులో సందేశాలు పంపరాదు అని వేరువేరుగా అడిగింది. అమ్మాయి నగలు వాళ్ళ లాకరులో వుంటే, ఆ లాకరు కోర్టు అనుమతి లేకుండా ముట్టుకోరాదని కూడా అడిగింది. ఇవన్నీ ఆ చట్టంలో వున్నవే. అడగనిది ఎవరూ తెచ్చి ఇవ్వరు.

అవతలివారు వచ్చేదాకా ఆగలేని స్థితి అయితే, ఒక అఫిడవిట్టు మీద మేజిస్ట్రేటు ఒకపక్షం విని అప్పటికప్పుడు తాత్కాలిక ఉత్తరువు ఇవ్వవచ్చును. మాకు నాలుగవనాడు వచ్చింది. అందరికీ అంత త్వరగా వస్తుందని చెప్పను. అర్జీ అరవై రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో వున్నా, ఏళ్ళతరబడి వాయిదాలు తిరుగుతున్న తల్లులను ఆ వరండాలోనే చూశాను.

ఉత్తరువు ఇంటికి తెచ్చి నేనే అందరికీ తెలుగులో చదివి వినిపించాను. పసుపుబొట్టు పెట్టడం ఒక్కటే తక్కువ. తరువాత దాన్ని ఇనప్పెట్టెలో, ఇంటి దస్తావేజుల కింద పెట్టి తాళం వేశాను.

మా నాన్నగారు కూడా అంతే. మా పొలం గట్టును పక్కవాడు ఏటా కొంత తవ్వుకుంటూ వుంటే ఆయన సివిలు కోర్టులో ఇంజంక్షను తెచ్చారు. దాన్ని ట్రంకుపెట్టెలో పెళ్ళి శుభలేఖలతోపాటు దాచారు. పక్కవాడు ఆ వేసవికీ తవ్వాడు, పై వేసవికీ తవ్వాడు. నాన్నగారు వీధి అరుగుమీద కూర్చుని, "నా దగ్గర ఇంజంక్షను వున్నది తెలుసా!" అని వచ్చేపోయేవారికి చెబుతూ వుండేవారు. ఇంజంక్షను మీరినవాడి ఆస్తి జప్తు చేయవచ్చును, మూడు నెలలదాకా సివిలు జైలులో పెట్టవచ్చును. అయితే మీరాడని కోర్టులో మళ్ళీ అర్జీ వేసేవాడొకడు వుండాలి. ఆయన వేయలేదు. గట్టు ఇప్పుడు లేదు. ఈ సంగతి తెలిసి కూడా నేను ఇనప్పెట్టె తాళం వేశాను చూడండి.

2019 ఉగాదినాటి పొద్దున అతను వచ్చాడు. వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని, పండ్లూ పూలూ పిల్లవాడికి కొత్తబట్టలూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దవారు, మీరే దిక్కు" అన్నాడు. పండుగపూట గడపలోకి వచ్చినవాణ్ణి, పైగా పెద్దముత్తైదువను, ఎలా పొమ్మనడం? నేనే గుమ్మం తెరిచాను. వంటింటి వాకిట్లో అమ్మాయి నిలబడి చూస్తున్నది. "మామయ్యా, ఆ కాగితం మీరే కదా చదివారు" అన్నది మెల్లిగా. "పండుగ తల్లీ, ఈ ఒక్కపూట" అన్నాను. అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని మేడమీదికి పోయి తలుపు వేసుకున్నది. అతను ఆకులో భోజనం చేశాడు, వాళ్ళమ్మగారు మా ఇంటావిడ చీర మెచ్చుకున్నది, సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. ఏ గొడవా జరగలేదు. జరగలేదని నేను మా ఇంటావిడతో రెండుసార్లు అన్నాను. ఆవిడ పలకలేదు.

గొడవ వాయిదానాడు కోర్టులో జరిగింది. అతను మా ఇంట్లో ఆకు ముందు కూర్చుని వుండగా వాళ్ళమ్మగారు తీసిన ఫొటోను వారి ప్లీడరు చూపించాడు. అందులో నేను నెయ్యి వడ్డిస్తున్నాను! "భయముందన్నవారు పండుగకు పిలిచి భోజనం పెడతారా? ఈ ఉత్తరువు రద్దుచేయండి" అన్నాడు. మా ప్లీడరమ్మ లేచి, ఉత్తరువు కట్టివేసింది అతణ్ణేననీ, దాన్ని సడలించే అధికారం మేనమామకు గాని, చివరికి అర్జీదారుకు గాని లేదనీ, మార్పు కావాలంటే కోర్టునే అడగాలనీ చెప్పింది. మేజిస్ట్రేటు ఉత్తరువు నిలిపారు. అయినా ఆ ఫొటో దస్త్రంలో చేరింది. తరువాత ప్రతి వాయిదాలోనూ అది బయటికి వచ్చేది. బోనులో నిలబడి అమ్మాయి దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చేది. నేను వెనక బెంచీమీద కూర్చుని వినేవాణ్ణి.

ఆ వాయిదా అయిన వారంలోపే అతను బడికి పోయాడు. "నేను తండ్రిని" అన్నాడు. గేటు కాపలావాడు పిల్లవాణ్ణి పిలిచి అప్పగించాడు. కాపలావాడిని ఏమని తప్పుపట్టను? ఉత్తరువు నకలును కోర్టువారు ఉచితంగా ఇరుపక్షాలకూ ఇస్తారు, ఆ హద్దులోని పోలీసు స్టేషనుకు పంపుతారు. బడి ఆ జాబితాలో లేదు. బడికి మనమే తీసుకుపోయి ఇవ్వాలి. నేను ఇవ్వలేదు, ఇవ్వాలని తోచలేదు. బడి పేరున్న కాగితం బడిలో తప్ప, నా ఇనప్పెట్టెలో భద్రంగా వున్నది.

మూడు గంటలు పిల్లవాడు ఏమైనాడో తెలియలేదు. అక్కయ్య గడపమీద కూర్చుండిపోయింది. మా వీధి చివర పూలమ్మే ఆమె పరుగున వచ్చి, "అయ్యా, మనుమణ్ణి తీసుకుని ఎవరో బస్టాండువైపు పోతున్నారు" అని చెప్పకపోతే ఏమయ్యేదో. అమ్మాయీ మా ఇంటావిడా ఆటోలో పోయారు. బస్టాండులోని పోలీసు బూతులో కానిస్టేబులు ముందర అమ్మాయి తన చేతిసంచీలోనుండి ఒక కాగితం తీసింది. నాకు చెప్పకుండా, ఉత్తరువు వచ్చిననాడే జిరాక్సు తీయించుకుని సంచీలో పెట్టుకున్నదట! ఆయన ఆసాంతం చదివాడు. బడి పేరు చూశాడు, మేజిస్ట్రేటు ముద్ర చూశాడు. బయలుదేరబోతున్న బెంగుళూరు బస్సును ఆపించి పిల్లవాణ్ణి దింపించాడు. అతను ఆ సందడిలో జారుకున్నాడు. పిల్లవాడి చేతిలో సగం కరిగిన ఐసుక్రీము వున్నది. వాడికేమీ తెలియదు. "నాన్న బస్సు ఎందుకు ఆగింది?" అని అడిగాడు.

మరునాడు నేను, సిగ్గువిడిచి చెబుతున్నాను, "బిడ్డ దొరికాడు కదా, ఇక పోనిద్దాము" అన్నాను. అమ్మాయి నావైపు చూసి, "ఈసారి మీరు రావద్దు మామయ్యా. అత్తయ్యతో వెళతాను" అన్నది. కోపంగా కూడా అనలేదు.

కనుక స్టేషనులో జరిగింది మా ఇంటావిడ చెప్పగా విన్నదే. అక్కడివారు మొదట, "సంసారం విషయం, పెద్దమనుషులను పెట్టి మాట్లాడుకోండి" అన్నారట. నా మాటలే! అమ్మాయి ఉత్తరువు బల్లమీద పెట్టి, దీని నకలు మీకు కూడా వచ్చి వుండాలి, వెతకండి అన్నది. అరగంట వెతికితే ఒక కట్టలో అడుగున దొరికింది. రక్షణ ఉత్తరువును గాని, తాత్కాలిక రక్షణ ఉత్తరువును గాని మీరడం నేరం. ఏడాదిదాకా జైలు, ఇరవై వేల రూపాయలదాకా జరిమానా, లేక రెండూ. పోలీసులు వారంటు లేకుండా పట్టుకోవచ్చును. బెయిలు హక్కుగా దొరికేది కాదు, కోర్టువారు ఇస్తేనే. బాధితురాలి సాక్ష్యం ఒక్కదానిమీదనే నేరం రుజువైనదని కోర్టు తేల్చవచ్చునని కూడా ఆ చట్టంలోనే వున్నది. స్టేషనువారు ఎంతకూ వ్రాసుకోకపోతే రక్షణాధికారికి వ్రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చును. వారు ఉత్తరువు నకలు జతచేసి మేజిస్ట్రేటుకు పంపుతారు. నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి కూడా పోవచ్చును. మా వాళ్ళు స్టేషనులో ఒకటి, రక్షణాధికారికి ఒకటి, రెండూ ఇచ్చి వచ్చారు. బడి వారి దగ్గర తేదీ, గంట వేయించుకున్న చీటీ కూడా జతపరిచారు.

అతణ్ణి బెంగుళూరు పోయి పట్టుకువచ్చారు. బెయిలు తొమ్మిదవనాడు వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ మన సంఘంవారిలో కొందరు నాతో మాట్లాడలేదు. అల్లుణ్ణి జైలుకు పంపిన ఇల్లని పేరు పడింది. నేను ఎవరికీ జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే అంతకు ముందు ఇంకొకరి ఇంటిని గురించి ఆ మాట అన్నవారిలో నేనూ వున్నాను. ఆడపిల్లలు చట్టాన్ని అడ్డం పెట్టుకుంటున్నారని అనేవారికి ఒక్కటే చెబుతాను. ఇది ఒకవైపు మాటతో తేలిపోయేది కాదు. అతనికి నోటీసు వెళ్ళింది, అతని ప్లీడరు ప్రతి వాయిదాలోనూ గంటల తరబడి ప్రశ్నించాడు, పై సెషన్సు కోర్టుకు పోవడానికి ముప్పై రోజుల గడువు వున్నది, పరిస్థితి మారితే ఉత్తరువు మార్చమని అడిగే హక్కు అతనికీ వున్నది. ఫొటో తీసి దొంగదారిన పోకుండా ఆ దారినే పోయివుంటే బాగుండేది.

అతను మళ్ళీ మా వీధి తొక్కలేదు. 2020లో తుది ఉత్తరువు వచ్చింది. భరణం రెండు నెలలు ఇచ్చి మూడవనెల ఎగవేస్తే, మేజిస్ట్రేటు అతని కంపెనీవారికే ఉత్తరువు వ్రాసి జీతంలోనుండి తిన్నగా అమ్మాయి బ్యాంకు ఖాతాలో వేయించారు. ఆ ఏర్పాటు కూడా చట్టంలో వున్నదే. లెక్కలవాణ్ణి గనుక నాకు అది బహు ముచ్చటగా తోచింది. ఇంటి విషయంలో మాత్రం మాకు కాలం కలిసిరాలేదు. ఇల్లు అత్తగారి పేర వున్నది గనుక అందులో కోడలికి నివాసం అడిగే వీలు లేదని, 2006నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపి మా ప్లీడరమ్మ మొదటనే చెప్పి ఆ అర్జీ వదిలేసింది. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ తీర్పు సరికాదన్నారు. ఇల్లు అత్తమామల పేర వున్నా, కోడలు కాపురముండిన ఇల్లయితే అక్కడ వుండే హక్కు అడగవచ్చునని చెప్పారు. మా అమ్మాయికి అప్పటికి ఆ ఇంటిమీద ఆశ లేదు.

ఇప్పుడు ఆ ఉత్తరువు జిరాక్సులు అమ్మాయి సంచీలో ఒకటి, బడిలో ప్రధానోపాధ్యాయిని దగ్గర ఒకటి, గేటు గదిలో ఒకటి, కొలువులో ఒకటి, మా ఇంటావిడ పర్సులో ఒకటి వున్నవి. పూలమ్మే ఆమెకు చదువు రాదు గాని, ఆమెకూ సంగతి చెప్పి వుంచాము. ఇనప్పెట్టెలో అసలు ప్రతి వున్నది. తాళంచెవి అమ్మాయి దగ్గర వుంటుంది.

రెండేళ్ళ కిందట ఉగాదినాడు వాళ్ళమ్మగారు నాకు ఫోను చేసింది. "మావాడు వూళ్ళోనే వున్నాడండీ, వీధి మలుపులో. ఒక్కసారి వచ్చి బిడ్డను చూసి పోతాడు. మీరు పెద్దవారు, మీరు సరేనంటే చాలు" అన్నది. "కోర్టువారు నెలకు రెండు శనివారాలు కోర్టు ఆవరణలో చూడమన్నారు గదమ్మా. వచ్చే శనివారం నేనే పిల్లవాణ్ణి తీసుకువస్తాను, అప్పుడు చూడమనండి. మీరు మాత్రం రండి, మీరు రావద్దని ఆ కాగితంలో లేదు" అన్నాను. ఆవిడ నన్ను పాషాణమన్నది. ఇంకా ఏమేమో అన్నది. విని పెట్టేశాను. చెయ్యి కొంచెం వణికింది.

వెనక్కి తిరిగేసరికి అమ్మాయి వంటింటి వాకిట్లో గిన్నె పట్టుకుని నిలబడి వున్నది. అంతా విన్నట్టే వున్నది. "మామయ్యా, పచ్చడిలో పులుపు సరిపోయిందేమో చూడండి" అన్నది.